పన్నెండు దాటినవాళ్లు

మా వదినను ఆసుపత్రిలో అందరూ తారీఖు అంటారు. ఎదురుగా అయితే తారీఖమ్మగారు, వెనకాల ఉత్త తారీఖు. నేను ఆమెకు ఆడపడుచును కాబట్టి ఏ పేరుతోనైనా పిలిచే హక్కు నాకుంది. ఆ హక్కును నేను ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సెక్కుతాం, ఒకే కంటాసుపత్రిలో పనిచేస్తాం. ఆమె కింది అంతస్తులో రికార్డుల కౌంటర్లో కూర్చుంటుంది. నేను పై అంతస్తులో చీకటి గదిలో అక్షరాల బోర్డు పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరినీ "ఈ వరుస చదవండి" అని పొద్దస్తమానం సతాయిస్తుంటాను.

వదినకు తేదీల పిచ్చి. కొత్త సబ్బు విప్పితే దాని కాగితం మీద ఆ రోజు తేదీ వేసి అల్మరాలో పెడుతుంది. దగ్గుమందు సీసా, టార్చిలైటు బ్యాటరీలు, చీపురుకట్ట, మా ఇంట్లో దేనికైనా పుట్టినతేదీ ఉంటుంది. మా అన్నయ్య కొత్త బనియను తొడుక్కోబోతే ముందు లాక్కుని, లోపలి అంచు మీద మార్కరుతో తేదీ వేసి గాని ఇవ్వదు. "పెళ్లయిన రోజున నా వీపు మీద కూడా రాసే ఉంటుంది. నాకు కనపడదు కదా, ఎవరైనా చూసి చెప్పండి" అంటాడు అన్నయ్య. ఆ మాట ఇప్పటికి వందసార్లు అన్నాడు. వదిన వందసార్లూ మూతి ముడుచుకుంది.

ఈ పిచ్చికి కారణం ఒకటుందని నా అనుమానం. వదినకు తన పుట్టినరోజు తెలియదు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు "ఎప్పుడు పుట్టింది?" అని అడిగితే, వాళ్లమ్మ "పెద్ద వాన పడ్డ రోజున" అని చెప్పిందట. మాస్టారు ఒక నిట్టూర్పు విడిచి జూలై ఒకటి అని రాసేశాడు. ఆ పొద్దున చేరిన పదకొండు మంది పిల్లలకూ అదే పుట్టినరోజు. "వాన ఏ రోజు పడిందో ఎవరో ఒకరు గోడమీదైనా రాసిపెట్టి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?" అని వదిన ఇప్పటికీ సణుగుతుంటుంది. యాభై మూడేళ్ల కిందటి వాన మీద అంత కోపం నిలబెట్టుకోవడం ఆమెకే చెల్లింది.

ఆమె చేతిలో ఉన్న అసలైన పని కంటిపొర లిస్టు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. అది దెబ్బతిని తెల్లబడితే చూపు పోతుంది. చనిపోయినవాళ్లు దానం చేసిన కంటి నుంచి ఆ పొర తీసి పెడితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. దానాలు తక్కువ, ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. అందుకని వరుస. ఎవరు ముందు పేరు రాయించుకుంటే వాళ్లకు ముందు. పలుకుబడి ఉన్నవాడైనా, లేనివాడైనా ఇదే పద్ధతి. మరీ ప్రమాదంలో ఉన్న కళ్ల సంగతి డాక్టరుగారు విడిగా చూసుకుంటారు. మిగతావాళ్లందరి అదృష్టం ఒక తేదీ మీద ఆధారపడి ఉంటుంది. ఆ తేదీ వదిన చేతిలో ఉంటుంది.

పదహారేళ్లు ఆ లిస్టు ఆమె అట్ట రిజిస్టరులో చేత్తో రాసింది. నెలను ఎప్పుడూ అంకెతో రాసేది కాదు, పేరుతోనే రాసేది. పందొమ్మిది ఫిబ్రవరి, రెండు నవంబర్, అలాగ. ఏడేళ్ల కిందట కంప్యూటర్ వచ్చినప్పుడు అందరూ గగ్గోలు పెట్టారు. వదిన మాత్రం నెలరోజుల్లో నేర్చుకుంది. కంప్యూటర్లో తేదీకి అంకెల గళ్లే ఉంటాయి. ముందు రోజు, తర్వాత నెల, ఆ తర్వాత సంవత్సరం. అంకెలే కొట్టేది. కానీ రోగికి ఇచ్చే కార్డు మీదా, తన దగ్గర ఉంచుకునే సగం ముక్క మీదా మాత్రం నెల పేరు చేత్తో రాయడం మానలేదు. "ఇదెందుకు వదినా, డబుల్ పని?" అంటే, "నీకెందుకు, రాసేది నా చెయ్యి" అనేది.

ప్రతి సోమవారం ఆసుపత్రి ప్రోగ్రాం నుంచి లిస్టును ఒక ఫైలుగా దించుకుని, గళ్ల పట్టికలో తెరిచి, పేరు రాయించుకున్న తేదీ ప్రకారం వరుసలో పెట్టి, ప్రింటు తీసి డాక్టరుగారి గదిలో అంటించేది. పొర రాగానే ఆ కాగితంలో పైనున్నవాళ్లకు ఫోను వెళ్తుంది.

జనవరి మొదట్లో ఆమె పాత మిషన్ చచ్చింది. కంప్యూటరాయన కొత్తది తెచ్చి బిగించాడు. అన్నీ ఎక్కించాడు, అన్నీ పనిచేస్తున్నాయని చూపించాడు. వదిన మాత్రం తెర మూలనున్న తేదీని చూసి పెదవి విరిచింది.

"ఇదేంటి, నెల ముందొచ్చింది?"

"కొన్ని దేశాల్లో అలాగే రాస్తారు మేడమ్. మిషన్ ఆ సెట్టింగుతో వచ్చింది."

"మనం అలా రాయం కదా. మార్చండి."

"అది చూపించే తీరు మాత్రమే మేడమ్. లోపల తారీఖు తారీఖే. దేనికీ తేడా రాదు." అప్పటికే సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఇంకో రెండు అంతస్తుల్లో మిషన్లు ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. ఆయన చెప్పింది సగం నిజం. సగం నిజం మనిషిని ఎంత నిశ్చింతగా నిద్రపుచ్చుతుందో మాకు పదకొండు వారాల తర్వాత తెలిసింది.

ఆ పదకొండు వారాలూ లిస్టు ముచ్చటగా వచ్చింది. మొదటి అంకెలు ఒకటి, రెండు, మూడు అని బుద్ధిగా దిగుతూ కనిపించేవి. "కొత్త మిషన్ చక్కగా సర్దుతోంది" అని వదిన ఒకసారి నాతోనే అంది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే నేనూ ఆ కాగితం చూసి తలూపాను.

మార్చి నెలాఖరులో ఒక శుక్రవారం, పదకొండు గంటలప్పుడు టీ తాగుదామని కిందికి దిగి వదిన కుర్చీ వెనక నిలబడ్డాను. కౌంటర్ దగ్గరికి దర్జీ వచ్చాడు. ఆయన నాకు బాగా తెలుసు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. రెండో కంటి పొర రెండేళ్లుగా తెల్లబడుతూ వచ్చి, ఇప్పుడు మొహం ముందు చెయ్యి ఊపితే ఊపినట్టు తెలుస్తుంది, అంతే. కుట్టుమిషన్ వదిలేసి చేతికుట్టు పనులు చేస్తున్నాడు, బొత్తాలు, అంచులు, అలాంటివి. పొద్దున్నే ఆయన కూతురు పనికెళ్లేముందు ఇరవై సూదుల్లో దారం ఎక్కించి దిండుకు వరుసగా గుచ్చి వెళ్తుంది. "ఇరవయ్యో సూది అయిపోతే నాకు సాయంత్రమైనట్టేనమ్మా, బయట ఎంత ఎండున్నా సరే" అని ఒకసారి నా గదిలో కూర్చుని చెప్పాడు.

"అమ్మా, నా నంబరెంతకొచ్చింది?" అని అడిగాడు.

వదిన కార్డు తీసుకుని లిస్టులో వేలు పెట్టి వెతికింది. "నలభై ఒకటి."

"పోయినసారి అయిదన్నారమ్మా."

"అయిదా? అయిదు నలభై ఒకటెలా అవుతుందండీ? సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

"అయిదేనమ్మా. ఇంటికెళ్లి మా అమ్మాయికి చెయ్యి చాపి మరీ చూపించాను." కొంచెం తటపటాయించాడు. "ఇక్కడ బెంచీ మీద ఒక బస్సు కండక్టరమ్మ నా పక్కన కూర్చునేది. నా తర్వాత చాన్నాళ్లకి పేరు రాయించుకుంది. ఆవిడకి ఆపరేషనైపోయిందట. సంతోషమే, కుళ్లుకుని చెప్పట్లేదు. నాదెప్పుడా అని."

వెనక క్యూలో పన్నెండుమంది ఉన్నారు. వదినకు ముక్కుమీద కోపం. అందులోనూ లిస్టును ఎవరైనా వేలెత్తి చూపితే తనను చూపినట్టే.

"ఇది నేను నోటికొచ్చింది చెప్పడం కాదండీ, మిషన్ ఇచ్చిన వరుస. ఇరవై మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇందులో ఒక్క తారీఖు తప్పితే నా పేరు మార్చుకుంటా."

"సరేనమ్మా, కోప్పడకండి" అన్నాడాయన. కార్డు జేబులో పెట్టుకుని, గోడ పట్టుకుని, మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను టీ తాగకుండానే పైకెళ్లాను.

సాయంత్రం ఇంట్లో ఆరిన బట్టలు మడతపెడుతున్నప్పుడు ఉండబట్టలేక ఎత్తాను. "వదినా, ఎవరైనా కొత్తగా చేరితే వెనక చేరాలి కదా. ముప్పై ఆరుగురు ఆయన ముందుకెలా వచ్చారు?"

"నువ్వూ మొదలుపెట్టావా? ఆయనే లెక్క తప్పుంటాడు. చూపులేని మనిషి, ఏ కాగితం చూసుకుని గుర్తుపెట్టుకుంటాడు?"

"కాగితం చూసుకోలేనివాడే వదినా గుర్తుపెట్టుకునేది. మనకేం, మరిచిపోతే మళ్లీ చూసుకుంటాం."

వదిన అన్నయ్య చొక్కాను నాలుగుసార్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. మర్నాడు బస్సులో దిగబోయే ముందు మాత్రం, నా వైపు చూడకుండా, "మధ్యాహ్నం నీ ఓపీ అయ్యాక కిందికి రా" అంది.

శనివారం ఒంటిగంటకు జనం పల్చబడ్డారు. వదిన కార్డుల సగం ముక్కల కట్ట బయటికి తీసింది. తను చేత్తో రాసిన తేదీలు ఒక్కొక్కటీ చదువుతుంది, నేను తెర మీద అదే పేరు పక్కన చూడాలి. అదీ ఒప్పందం. ఒప్పందం మొదలయ్యేలోపే నేను ఆగిపోయాను.

నా పని వరుసలు చూడటం. పదిహేనేళ్లుగా అక్షరాల వరుసలు చూసీ చూసీ, ఏది చూసినా ముందు నాకు అక్షరం కనిపించదు, వంకర కనిపిస్తుంది.

"వదినా, ఈ తేదీలేంటి, కొన్ని గడిలో కుడిగోడకి ఆనుకున్నాయి, కొన్ని ఎడమగోడకి?"

"ఏదో ఒకవైపు ఉంటాయిలే. నువ్వు అంకె చూడు."

"కాదు, చూడు. పైన ఇరవై ఏడు కుడివైపున్నాయి. కింద మిగిలినవన్నీ ఎడమవైపే."

వదిన కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. ఎడమవైపు వాటిని పైకే చదివింది. పదమూడు, పదమూడు, పద్నాలుగు, పదహారు, పందొమ్మిది, ఇరవై మూడు, ముప్పై ఒకటి. కుడివైపువి చదివింది. రెండు, అయిదు, ఎనిమిది, పదకొండు, పన్నెండు. మళ్లీ పైకీ కిందికీ చూసింది.

"పన్నెండు దాటినవాళ్లందరూ కింద ఉన్నారు" అంది మెల్లగా. "నెలలు పన్నెండే కదే."

అప్పుడు నాకూ వెలిగింది. మిషన్ మొదటి అంకెను నెల అనుకుంది. కండక్టరమ్మకు రెండో తారీఖు నవంబర్ అని వదిన కొడితే, అది ఫిబ్రవరి పదకొండు అని చదువుకుంది. తొమ్మిది నెలలు ముందుకు జరిపి ఆవిడను లిస్టు నెత్తిన కూర్చోబెట్టింది. పందొమ్మిదో తారీఖు అనేసరికి పందొమ్మిదో నెల ఎక్కడుందో దానికి తెలియలేదు. ఇది తేదీయే కాదు, ఏదో రాత అనుకుని ఎడమగోడకి అలాగే వదిలేసింది. వరుసలో పెట్టమంటే తేదీలన్నిటినీ ముందు పెట్టి, రాతలన్నిటినీ అడుగుకు తోసింది. పైగా అంకెలు చూస్తే కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. ఎవరికి అనుమానం వస్తుంది?

వదిన కంప్యూటరాయనకు ఫోను చేసింది. ఆయన మొదట నీళ్లు నమిలి, తర్వాత దారి చెప్పాడు. సెట్టింగుల్లోకి వెళ్లండి, సమయమూ భాషా అన్న చోట నొక్కండి, ప్రాంతం దగ్గర తేదీ తీరు మార్చండి, రోజు ముందు పెట్టండి. వదిన చెప్పినట్టే చేసి, పట్టిక వైపు తిరిగింది. కుడివైపు తేదీలన్నీ మా కళ్లముందే మారిపోయాయి. కండక్టరమ్మలాగే రెండు నవంబర్‌న రాయించుకున్న ఇంకొకాయన పేరు పక్కన ఇప్పుడు పదకొండు ముందుంది, రెండు తర్వాతుంది. పదకొండు ఫిబ్రవరి. అంటే ఇన్నాళ్లూ అది మాకు అలా చూపించడమే కాదు, లోపల అలాగే నమ్మింది కూడా. ఎడమవైపువి మాత్రం అంగుళం కదల్లేదు.

"చూపించే తీరు మాత్రమే అన్నాడు" అంది వదిన. "నేను నమ్మాను. అంత అనుమానప్పక్షిని, నాకేమొచ్చింది ఆ రోజు?"

ఆ ఫైలు మూసేసి, ప్రోగ్రాం నుంచి మళ్లీ కొత్తగా దించుకుంది. ఈసారి తెరిచేసరికి తేదీలన్నీ కుడిగోడకే ఆనుకుని బుద్ధిగా నిలబడ్డాయి. వరుసలో పెట్టింది. దర్జీ మూడో నంబరు. సగం ముక్క తీసి చూసింది. పందొమ్మిది ఫిబ్రవరి, పోయిన సంవత్సరం, తన చేతిరాతే.

సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. పైనుంచి డాక్టరుగారు. ఆవిడ గొంతు పెద్దది, నాకూ వినిపించింది. పొద్దున రెండు పొరలు వచ్చాయట, రెండూ బాగున్నాయట, సోమవారం ఆపరేషన్లు. "లిస్టులో పైనున్న ఇద్దరికీ నేను ఫోన్ చేయిస్తాను, ఇక్కడ అంటించిందే కదా?"

ఒక్క మాట చాలు. "కాదు మేడమ్, కొత్తది పంపిస్తాను" అంటే అయిపోతుంది. కాగితం మారుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నిజం చెప్పాలంటే వదిన అలా అంటే బాగుండునని నేను కోరుకున్నాను. ఇంకో అయిదేళ్ల సర్వీసు ఉంది ఆమెకు. పైగా ఆసుపత్రిలో ఆమెకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

"ఆ లిస్టు తప్పు మేడమ్" అంది వదిన. "జనవరి నుంచి తప్పే. పదకొండు వారాలు. ఆరుగురిని పిలిచాం. అందులో ఇద్దరే సరైనవాళ్లు. నలుగురు ముందు రావాల్సినవాళ్లని వెనక్కి తోశాం. నేనే తోశాను."

"సరైన కాగితం తీసుకుని పైకి రండి" అన్నారు డాక్టరుగారు.

వదిన పైకి వెళ్లి ముప్పావుగంటకు తిరిగొచ్చింది. ఆపరేషన్లు అయిపోయినవాళ్లవి ఎలాగూ అయిపోయాయి, వెనక్కి పోయిన నలుగురూ ఇప్పుడు ముందు. వదిన జరిగిందంతా రాసివ్వాలి. ఇక ఫోన్లు. "రమ్మని చెప్పండి చాలు, మిగతావి తర్వాత నేను మాట్లాడతాను" అన్నారట డాక్టరుగారు. వదిన వినలేదు. నలుగురికీ తనే చేస్తానంది, తప్పు తమదని తనే చెప్తానంది.

మొదటి నంబరు ఒక పెద్దావిడ. ఆవిడకు ఇదంతా పట్టలేదు, పొర వచ్చిందన్న ఒక్క మాటకే ఏడ్చేసింది. రెండో ఆయన ఎదురుచూసి ఎదురుచూసి వేరే ఊళ్లో చేయించుకున్నాడట. సంగతి విని వదినను నోటికొచ్చినట్టు తిట్టాడు. వదిన ఫోను చెవికి ఆనించుకుని పూర్తిగా వింది, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఎవరి మాటా రెండు నిమిషాలు వినని మనిషి. మూడో నంబరు దర్జీ. ఆయన కూతురు తీసి ఆయనకిచ్చింది. వదిన తన పేరు చెప్పి, పొర వచ్చిందని చెప్పి, ఎక్కడ తప్పు జరిగిందో అంతా చెప్పింది.

"నేను నిన్న చెప్పాను కదమ్మా" అన్నాడాయన.

"చెప్పారు."

"కళ్లు లేనివాడు, లెక్క తప్పాడనుకున్నారు."

"అనుకున్నాను" అంది వదిన. 

ఫోనులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. "సోమవారం ఎన్నింటికి రావాలి?" అని అడిగాడు దర్జీ. అంతే. పరవాలేదని అనలేదు, క్షమించానని అనలేదు. అలా అని ఉంటే వదినకు ఆ రోజు అన్నం సహించేదేమో.

నాలుగో మనిషికి మరో మూడు వారాలకు పొర దొరికింది. ఆసుపత్రి వదినకు ఒక మెమో ఇచ్చింది. కంప్యూటరాయన కంపెనీకి కూడా ఒకటి వెళ్లింది. ఆయన వచ్చి ఆసుపత్రిలోని ప్రతి మిషన్లోనూ తేదీ తీరు మార్చి, ప్రతిదాని దగ్గరా వదినను పిలిచి చూపించాడు. పద్దెనిమిది మిషన్లు. వదిన పద్దెనిమిదింటినీ కళ్లారా చూసింది. ఇప్పుడు సోమవారం లిస్టు ప్రింటయ్యాక సగం ముక్కల కట్ట నుంచి పది తీసి, ఒక్కొక్కటీ పక్కన పెట్టి సరిచూస్తుంది. కౌంటర్ దగ్గరికి ఎవరొచ్చినా కార్డు తీసుకోకముందే, "పోయినసారి మీకెంత చెప్పాం?" అని అడుగుతుంది. వాళ్లు చెప్పింది రాసుకుంటుంది. క్యూ నెమ్మదిగా కదులుతోందని జనం విసుక్కుంటే విసుక్కోనిస్తుంది.

నా నోటికి తాళం లేదు. ఒక వారం పోయాక, నవ్వించబోయి, "పేరు మార్చుకుంటానన్నావు కదా వదినా, ఏం పెడదాం?" అన్నాను. ఎప్పుడూ నాకు రెండింతలు తిరిగిచ్చే మనిషి. "నీ ఇష్టం వచ్చింది పెట్టు" అని లోపలికి వెళ్లిపోయింది. వెళ్లి చూస్తే అల్మరా దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరం కలిసి ఆ అల్మరాలోని సబ్బు కాగితాలన్నీ తేదీల వరుసలో సర్దాం. అక్కర్లేని పనే, కానీ ఆ పూట గడిచింది. చివర్లో ఆమే, "ఆ మిషన్ లెక్కన నా పుట్టినరోజు జనవరి ఏడు. జూలై ఒకటి ఎలాగూ అబద్ధమే, ఇదైనా నిజమేమో" అంది. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

దర్జీకి ఆపరేషన్ బాగానే జరిగింది. కొత్త పొర కుదురుకోవడానికి నెలలు పడుతుంది, వారానికి కొంచెం, నెలకు కొంచెం. వచ్చినప్పుడల్లా పైకి వచ్చి నా గదిలో కూర్చునేవాడు. వదిన ఆయన వస్తున్నాడని తెలిస్తే ఏదో ఒక ఫైలు పట్టుకుని ఆ పూట పక్క గదికి మాయమయ్యేది. కార్డు మీద తేదీ వేసే పని ఇంకొకరికి అప్పజెప్పేది. ఇదేంటని నేను అడగలేదు.

జూన్ నెలాఖరులో మూడో నెల పరీక్షకు వచ్చాడు. బోర్డు మీద పైనుంచి నాలుగు వరుసలు చదివాడు. అయిదో వరుసలో రెండు అక్షరాలు తప్పాడు, మూడు ఒప్పు. నేను ఆ సంగతి రాసుకుంటుంటే, "ఇప్పుడు మా అమ్మాయి పది సూదులే ఎక్కించి పోతోందమ్మా, మిగతావి నేనే" అన్నాడు. లావు దారమైతేనేనట. సన్నది ఇంకా లొంగడం లేదట.

నేను ఆయన్ని కిందికి తీసుకొచ్చాను. కావాలనే, వదిన తప్పించుకోవడానికి వీల్లేని వేళ చూసి తీసుకొచ్చాను. వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. లేచినా కూర్చున్నా ఆమె ఎత్తులో పెద్ద తేడా ఉండదు.

"రండి" అంది.

ఆయన ఆ గొంతు విని ఆగాడు. తల కొంచెం వంచి ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "మీరేనా అమ్మా ఆ రోజు కోప్పడింది?"

"నేనేనండీ."

"గొంతు విని ఇంకా పొడుగుంటారనుకున్నాను."

నేను నవ్వాపుకోలేక అటు తిరిగాను. వదిన నవ్వలేదు. కార్డు తీసుకుంది. మళ్లీ ఎప్పుడు రావాలో చూసి, పెన్ను గట్టిగా పట్టుకుని, బడిపిల్లలా ఒక్కో అక్షరం దిద్దుతూ రాసి ఆయనకిచ్చింది. ఎప్పుడూ అయితే ఆయన కార్డు తీసుకుని అలాగే జేబులో పెట్టేసుకునేవాడు. ఈసారి పెట్టుకోలేదు. కిటికీ వెలుగులోకి జరిగి, కార్డును మొహానికి దగ్గరగా తెచ్చుకుని, కొంచెం దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. వెనక క్యూలోవాళ్లు కాళ్లు మార్చుకుంటున్నారు. వదిన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూస్తోంది.

"తొమ్మిది" అని చదివాడాయన. కాసేపాగి, "ఆగస్టు" అన్నాడు.

"అవునండీ" అంది వదిన.

ఆయన ఇంకోసారి చూసుకున్నాడు. "సరిగ్గానే రాశారమ్మా" అని చెప్పి, కార్డు జేబులో పెట్టుకుని, మెట్టు చూసుకుని దిగి వెళ్లాడు.